అర్జీ పెట్టుకునే హక్కు: నా సిటిజెన్‌షిప్ పరీక్ష

"ఇంగ్లిషు రాకపోతే సిటిజెన్‌షిప్ రాదండీ" అని తెలిసినతను ఒకాయన పదేళ్ల కిందట చెప్పాడు. నేను నమ్మాను. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషిని, అమెరికా ఆఫీసరు ముందు కూర్చుని ఇంగ్లిషులో ఏం మాట్లాడతాను? ఆ మాటతో ఆ ఆశ వదిలేశాను. 2008లో మా అమ్మాయి తెప్పించిన గ్రీన్ కార్డు మీదే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటూ వచ్చాను.

2024 సంక్రాంతి వెళ్లాక మా మనవడు లైబ్రరీ నుంచి ఒక కాగితం తెచ్చి నా పక్కన కూర్చున్నాడు. "అమ్మమ్మా, నీకు ఇంగ్లిషు పరీక్షే లేదు" అన్నాడు. యాభై అయిదేళ్లు దాటి, గ్రీన్ కార్డు మీద పదిహేనేళ్లు నిండినవాళ్లకు ఇంగ్లిషు చదవడం, రాయడం, మాట్లాడడం ఏదీ అడగరట. యాభై ఏళ్లు దాటి, ఇరవై ఏళ్లు నిండినవాళ్లకూ అంతే. ప్రభుత్వం గురించి, రాజ్యాంగం గురించి అడిగే సివిక్స్ పరీక్ష మాత్రం పాసవ్వాలి. అది మన భాషలోనే చెప్పొచ్చు, పక్కన ఇంటర్‌ప్రెటర్ ఉంటే చాలు. నాకప్పుడు పదహారో ఏడు నడుస్తోంది. ఈ రూలు ఎప్పటినుంచో ఉంది, నాకు చెప్పినవాళ్లే లేరు. ఇది రాస్తున్నది కూడా అందుకే. మీ ఇంట్లో అమ్మానాన్నలు ఇంగ్లిషుకు భయపడి ఆగిపోయి ఉంటే, ముందు వాళ్ల గ్రీన్ కార్డు మీద తేదీ చూడండి.

సిటిజెన్‌షిప్ నాకెందుకు అంటే, మా చెల్లెలి కోసం. అది నెల్లూరు జిల్లాలో మా ఊళ్లోనే ఒంటరిగా ఉంటోంది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఆరు నెలలు దాటి ఇండియాలో ఉంటే తిరిగొచ్చేటప్పుడు ప్రశ్నలు, ముందుగా అనుమతి లేకుండా ఏడాది దాటితే కార్డుకే ముప్పు. ఇక్కడి పాస్‌పోర్టు తీసుకుని, ఓసీఐ కార్డు (వేరే దేశం పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) పెట్టుకుంటే దాని దగ్గర ఎన్నాళ్లైనా ఉండొచ్చు. మా ఆయన మాత్రం "నాకు ఉన్న పాస్‌పోర్టు చాలు" అన్నారు. ఆయన్ని నేను ఒత్తిడి చేయలేదు.

ఏప్రిల్‌లో సిటిజెన్‌షిప్‌కి అప్లై చేసే ఎన్-400 ఫారం ఆన్‌లైన్లో నింపాం. ఫీజు 710 డాలర్లు. అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది ప్రయాణాల లెక్క. గడిచిన అయిదేళ్లలో అమెరికా దాటి వెళ్లిన ప్రతిసారీ ఏ తేదీన వెళ్లానో, ఏ తేదీన వచ్చానో రాయాలి. శంషాబాద్‌లో కొట్టిన ముద్రల్లో కొన్ని వెలిసిపోయి ఉన్నాయి. భూతద్దం పెట్టి చూసి, మా అమ్మాయి ఫోన్లో పాత టికెట్లు వెతికి సరిపోల్చుకున్నాం. తర్వాత వేలిముద్రలకు పిలిచారు. అది పది నిమిషాల పని.

ఇక చదువు. అప్పటికి వంద ప్రశ్నలు. వాటిలో పది అడుగుతారు, ఆరు చెప్తే పాస్. (2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్లకు పరీక్ష మారింది. 128 ప్రశ్నల్లోంచి ఇరవై అడుగుతారు, పన్నెండు చెప్పాలి. అరవై అయిదేళ్లు దాటి, ఇరవై ఏళ్లుగా గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు మాత్రం ఇరవై ప్రశ్నలే చదువుకునే వీలు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.) మనవడు ఇంగ్లిషులో చదివి అర్థం చెప్పేవాడు, నేను తెలుగులో నోటుబుక్కులో రాసుకునేదాన్ని. పొద్దున్నే కుక్కర్ పెట్టి, విజిల్ వచ్చే లోపల అయిదు ప్రశ్నలు అప్పజెప్పుకోవడం నా పద్ధతి.

నాలుగో ప్రశ్న దగ్గర ఆగిపోయాం. అమెండ్‌మెంట్ అంటే ఏమిటి? వాడు ఫోన్లో చూసి "సవరణ" అన్నాడు, కానీ ఆ మాటకి అర్థం వాడికి తెలీదు. నాకు వెంటనే సవరం గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు జుట్టు పల్చగా ఉన్న ఆడవాళ్లు సవరం పెట్టి జడ అల్లుకునేవాళ్లు. ఉన్న జుట్టు కత్తిరించరు, దానికి ఇంకొంత చేరుస్తారు. వాడికి అదే చెప్పాను. వాడు కళ్లు పెద్దవి చేసి, "కరెక్ట్ అమ్మమ్మా, ఇక్కడ అలాగే చేస్తారు" అన్నాడు. అమెరికా రాజ్యాంగంలో పాత వాక్యాలను తీసెయ్యరట. సవరణలన్నీ చివర్లో వరసగా చేరుస్తూ పోతారు. 1788లో ఆమోదం పొందిన రాజ్యాంగానికి ఇప్పటిదాకా అలా చేరినవి ఇరవై ఏడే.

ఆ రాత్రి మా తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. "మన దగ్గర అలా కాదక్కా, పైట సవరించుకున్నట్టు ఉన్నదాన్నే సర్దుతారు. పాత మాట తీసేసి ఆ చోటే కొత్త మాట పెడతారు" అన్నాడు. మన సవరణలు వంద దాటాయట. చట్టసభల్లో ఆడవాళ్లకు మూడో వంతు సీట్లు అన్నది 2023లో వచ్చిన 106వ సవరణ. అన్నేళ్లు నా దేశంలో ఓటరుగా ఉండి, ఈ సంగతులు నేను వేరే దేశం పరీక్షకి చదువుతూ తెలుసుకోవడం నాకు చాలా బాధ అనిపించింది. ఆ రోజు నుంచి నోటుబుక్కులో రెండు గడులు గీశాను. ఎడమ పక్క అమెరికా, కుడి పక్క మన దేశం. పరీక్షకి అక్కర్లేకపోయినా కుడి పక్క గడి కూడా నింపుకుంటూ పోయాను.

రెండు దేశాల మొదటి సవరణలూ పక్కపక్కన రాసుకున్న పేజీ నా దగ్గర ఇంకా ఉంది. అమెరికాది 1791 నాటిది. మొదటి పది సవరణలనూ కలిపి బిల్ ఆఫ్ రైట్స్ అంటారు, హక్కుల పత్రం అన్నమాట. మొదటి సవరణ "కాంగ్రెస్ (అంటే ఇక్కడి పార్లమెంటు) ఫలానా చట్టం చేయరాదు" అని మొదలవుతుంది. హక్కు ఇస్తున్నాం అని రాయలేదు, ప్రభుత్వమే దాన్ని ముట్టుకోకూడదని రాశారు. మనది 1951లో వచ్చింది. అది మాట్లాడే స్వేచ్ఛ మీద పరిమితులు పెంచింది. ఆ సవరణే వెనకబడిన తరగతులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. మద్రాసు రాష్ట్రంలో కాలేజీ సీట్ల మీద నడిచిన కేసు తర్వాత అలా రాశారని తమ్ముడు చెప్పాడు. అప్పుడు నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. మొదటి సగం నాకు నచ్చలేదు. రెండో సగం లేకపోతే మా ఊరి ఎస్సీ కాలనీలో ఈ రోజు నర్సులు, టీచర్లు అంతమంది ఉండేవాళ్లు కాదు. అది నా కళ్లతో చూశాను.

అమెరికా మొదటి సవరణలో అయిదు స్వేచ్ఛలు ఉన్నాయి. మతం, మాట, పత్రికలు, శాంతిగా గుమిగూడడం, ఇక అయిదోది పిటిషన్. మనవడు అయిదోదాన్ని ఎలా చెప్పాలా అని తడుముకుంటూ "గవర్నమెంట్‌కి కంప్లైంట్ రాయడం" అన్నాడు. అదా, అర్జీ కదూ!

అర్జీ గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1992లో మా జిల్లాలో సారా ఉద్యమం వచ్చింది. దూబగుంటలో రోశమ్మగారి లాంటి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారన్న వార్త ఊరూరా పాకింది. అప్పటికి ఏడాదిగా సాక్షరతా ఉద్యమం రాత్రి బడులు నడుస్తున్నాయి. మా వీధి బడిలో చదువు చెప్పేది నేనే. పగలంతా నాట్లేసి వచ్చి లాంతరు చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు అక్షరాల కంటే ముందు సారా గురించి మాట్లాడేవాళ్లు. కూలి డబ్బులు ఇంటికి చేరకపోవడం, దెబ్బలు, తాకట్టులో పోయిన గిన్నెలు. ఒక రాత్రి అందరం కలిసి అర్జీ రాద్దామనుకున్నాం. రాయడం వచ్చినదాన్ని నేనే కాబట్టి ఠావు కాగితం మీద నేనే రాశాను. అరవై ఒక్కమంది. సంతకం పెట్టగలిగినవాళ్లు పద్నాలుగు మంది, మిగతా అందరివీ వేలిముద్రలు. స్టాంపు ప్యాడ్ లేక, కాటుకలో ఆముదం కలిపి తమలపాకు మీద రాసి, దాని మీద బొటనవేలు అద్దించాం. మర్నాడు చూస్తే ప్రతి ఆడదాని వేలికీ ఆ నలుపు.

నలుగురం బస్సెక్కి ఆఫీసుకు తీసుకెళ్లాం. అక్కడ ఒకాయన కాగితం తీసుకుని, చదవకుండానే ఫైళ్ల కిందకి తోసి, "అయ్యగారికి చెప్తాంలే, వెళ్లండమ్మా" అన్నాడు. అందినట్టు ముద్ర వేసి ఇమ్మని మేం అడగలేదు, అడగొచ్చని మాకు తెలీదు. ఆ అర్జీ ఏమైందో నాకు ఈ రోజుకీ తెలీదు. మేం మాత్రం ఊరుకోలేదు, దుకాణం ముందు కూర్చున్నాం. జిల్లా అంతటా ఆడవాళ్లు అలాగే కూర్చున్నారు, సారా వేలం పాటలు జరగనివ్వలేదు. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం పూర్తి మద్యనిషేధం పెట్టింది, అది రెండేళ్లలో పోయింది.

మద్యనిషేధం సంగతి ఇక్కడి రాజ్యాంగంలోనూ ఉంది. పద్దెనిమిదో సవరణతో 1920 నుంచి మద్యం ఆపేశారు, 1933లో ఇరవై ఒకటో సవరణతో మళ్లీ తెరిచారు. రద్దయిన ఆ పద్దెనిమిదోది కూడా పుస్తకంలో అలాగే ఉంటుంది. సవరం అన్నాను కదా.

తమ్ముడు మన రాజ్యాంగంలో 19వ అధికరణం చదివి వినిపించాడు. మాట్లాడే హక్కు, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు. "అక్కా, మీరు ఆ రోజు దుకాణం ముందు కూర్చున్నది దీని కిందే. మద్యాన్ని ఆపే ప్రయత్నం ప్రభుత్వం చెయ్యాలని 47వ అధికరణంలో కూడా ఉంది" అన్నాడు. పోలీసులొచ్చి లేవమన్నప్పుడు మాలో ఒక్కరికైనా ఈ మాట తెలిసి ఉంటే ఎంత ధైర్యంగా ఉండేది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఓటు గురించిన సవరణలు నాలుగు. జాతి, రంగు చూసి ఓటు ఆపకూడదని పదిహేనోది. ఆడవాళ్లకు ఓటు పంతొమ్మిదోది. ఓటుకి పన్ను కట్టమనకూడదని ఇరవై నాలుగోది. పద్దెనిమిదేళ్లకే ఓటు అని ఇరవై ఆరోది. వీటిలో పంతొమ్మిదోది నాకు కథలా గుర్తుంది. ఆడవాళ్ల ఓటు కోసం పోరాడిన సూసన్ బి. ఆంథనీ 1872లో ఓటేసినందుకు ఆమెను అరెస్టు చేశారు. వంద డాలర్లు జరిమానా వేస్తే ఆమె కట్టలేదు. ఆడవాళ్లకు ఓటు రాకుండానే 1906లో పోయింది. 1920లో చివరికి ఒక్క రాష్ట్రం ఒప్పుకుంటే చాలు అన్న దశలో, టెన్నెసీ అసెంబ్లీలో హ్యారీ బర్న్ అనే ఇరవై నాలుగేళ్ల కుర్రాడు వ్యతిరేకుల పక్షాన కూర్చున్నాడు. అతని జేబులో వాళ్లమ్మ రాసిన ఉత్తరం ఉంది, ఆడవాళ్లకు ఓటు ఇమ్మని. ఓటింగ్‌లో అతను సరే అన్నాడు. దేశం మొత్తానికీ ఓటు వచ్చింది. మా మనవడు ఇది చెప్పినప్పుడు నేను వాణ్ణి రెండోసారి చెప్పమన్నాను.

కుడి పక్క గడిలో మా అమ్మ గురించి రాశాను. అమ్మకి చదువు లేదు, వేలిముద్రే. అయినా 1952లో, మన మొదటి ఎన్నికల్లోనే ఓటేసింది. మన రాజ్యాంగం మొదటి రోజు నుంచే ఆడా మగా అందరికీ ఓటు రాసిపెట్టింది. అది రాసిన సభలో మన దుర్గాబాయి కూడా ఉంది.

ఆగస్టులో ఇంటర్వ్యూ. నెవార్క్‌లో ఫెడరల్ బిల్డింగు. ఇంటర్‌ప్రెటర్‌గా మా గుడిలో పరిచయమైన అమ్మాయి వచ్చింది. మా ఇద్దరి చేతా నిజమే చెప్తామని ప్రమాణం చేయించారు. ముందు ఫారంలో రాసినవన్నీ ఒక్కొక్కటీ మళ్లీ అడిగారు. చట్టం కోరితే ఆయుధం పడతావా అన్న ప్రశ్న కూడా అందులో ఉంటుంది. డెబ్బై ఒక్కేళ్ల దాన్ని, అయినా ఆ ప్రశ్న నాకు తేలిగ్గా అనిపించలేదు. దేశం మనదనుకుంటే దానికోసం ఏం చేస్తావని అడగడం న్యాయమే. "నా చేతనైంది చేస్తాను, చట్టం ఏది చెప్తే అది" అన్నాను.

తర్వాత సివిక్స్. దేశానికి అత్యున్నత చట్టం ఏది? రాజ్యాంగం. సవరణ అంటే? మార్పు, చేర్పు. 'రూల్ ఆఫ్ లా' దగ్గర ఆ అమ్మాయి తెలుగు మాట కోసం కొంచెం తడబడి "చట్టబద్ధ పాలన అంటే ఏమిటి ఆంటీ" అంది. నేను "చట్టం ముందు పెద్దా చిన్నా లేదు, ప్రభుత్వమూ దానికి లోబడాలి" అన్నాను. ఫెడరలిస్ట్ పేపర్స్ అని, రాజ్యాంగాన్ని సమర్థిస్తూ అప్పట్లో వచ్చిన వ్యాసాలు. అవి రాసినవాళ్లలో ఒకరి పేరు అడిగితే గుర్తు రాలేదు. టెన్షన్‌తో అరచేతులు చెమటలు పట్టాయి. సూసన్ ఆంథనీ వచ్చింది, చెప్పాను. ఓటు వయసు వచ్చింది, చెప్పాను.

ఏడోది మొదటి సవరణ. అందులో ఒక హక్కు లేదా స్వేచ్ఛ చెప్పమన్నారు. మతం అని ఒక్క మాటతో తేల్చెయ్యొచ్చు, మనవడు నాకు అదే తేలికని నేర్పాడు. కానీ నా నోట్లోంచి "ప్రభుత్వానికి అర్జీ పెట్టుకునే హక్కు" అని వచ్చింది. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగింది. హైదరాబాద్‌లో పెరిగిన పిల్ల, అర్జీ అన్న మాట వాడి ఎన్నాళ్లయిందో. మాట అందించకూడదని నేను నోరు మూసుకుని కూర్చున్నాను. తర్వాత సరిగ్గానే చెప్పింది. ఆఫీసరు తలూపి, ఇక అడగక్కర్లేదు, ఆరు అయ్యాయి అన్నారు.

సెప్టెంబర్లో ప్రమాణం. ఇతర దేశాల మీద విధేయత వదులుకుంటున్నానని చెప్పే వాక్యం దగ్గర నా గొంతు పూడుకుపోయింది. ఆ వాక్యం పూర్తిగా అర్థమయ్యే నేను అక్కడ నిలబడ్డాను, అర్థం కాకుండా పెదాలు కదిపి ఉంటే అది తప్పయ్యేది. గ్రీన్ కార్డు తీసుకుని సర్టిఫికెట్ ఇచ్చారు. 1955 నాటి మన పౌరసత్వ చట్టం ప్రకారం ఆ క్షణంతో నా భారత పౌరసత్వం పోయింది. తర్వాత పాస్‌పోర్టు సరెండర్ చేసి, ఓసీఐ తీసుకున్నాను. దాని మీద ఊళ్లో ఎన్నాళ్లైనా ఉండొచ్చు, కానీ ఓటు ఉండదు, కొత్తగా పొలం కొనే వీలూ లేదు. 1977లో మొదటిసారి ఓటేసిన మా ఊరి బడి మెట్లు గుర్తొచ్చాయి. నవంబర్‌లో ఇక్కడ ఓటేశాను. ఎవరికన్నది నాలోనే ఉంటుంది.

నోటుబుక్కులో ఒక ప్రశ్న కింద నేను రెండు గీతలు గీసుకుని ఉన్నాను. అమెరికాలో నివసించే అందరికీ ఉండే రెండు హక్కులు చెప్పండి. సిటిజెన్లకు అని కాదు, అందరికీ. జవాబుల్లో అర్జీ కూడా ఉంది. ఓటు మాత్రం సిటిజెన్లదే. అంటే గ్రీన్ కార్డు మీద ఉన్న పదహారేళ్లూ ఆ హక్కు నా చేతిలోనే ఉంది.

మా వీధి చివర పార్కుకి వెళ్లాలంటే పెద్ద రోడ్డు దాటాలి. సాయంత్రాలు వాకింగ్‌కి వచ్చే మాలాంటి ముసలివాళ్లకి అక్కడ సిగ్నల్ లేదు. ఏళ్ల తరబడి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని పరిగెత్తినట్టు దాటుతున్నాం. 2025 ఏప్రిల్‌లో అర్జీ రాశాను, ముందు తెలుగులోనే. మనవడు ఇంగ్లిషులోకి మార్చాడు. ముప్పై ఎనిమిది మంది సంతకాలు పెట్టారు. మా ఆయనా పెట్టారు, ఆయన ఇండియా పాస్‌పోర్టు దానికి అడ్డం కాలేదు. టౌన్‌షిప్ కౌన్సిల్ మీటింగుల్లో జనం మాట్లాడడానికి కొంత సమయం ఉంచుతారు. అక్కడ మనవడు నా పక్కన నిలబడి నా మాటలు చెప్పాడు. సిగ్నల్ ఇంకా రాలేదు, పరిశీలనలో ఉందన్నారు.

ఆ మీటింగుకి ముందు రోజు క్లర్కు ఆఫీసులో కాగితం ఇచ్చాం. ఆమె తీసుకుని థాంక్యూ అంది. మనవడు బయల్దేరబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. నా సంచీలోంచి రెండో కాపీ తీసి కౌంటర్ మీద పెట్టి, "దీని మీద అందినట్టు ముద్ర వేసి ఇమ్మని అడుగు" అన్నాను. ఆమె తేదీ సరిచూసి, ముద్ర నొక్కి, కాగితం నా వైపు తిప్పి ఇచ్చింది.